సలీం అలీ తిరిగిన చోట్ల మళ్లీ పక్షుల సర్వే చేయించండి: జీవవైవిధ్య మండళ్లకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల జీవవైవిధ్య మండళ్ల అధ్యక్షులకు, సభ్య కార్యదర్శులకు నమస్కారాలు.

నేను ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే టీచర్‌ని. అడగదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. 1931-32లో పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ హైదరాబాదు సంస్థానంలో తిరిగి పక్షుల సర్వే చేశారు. అంతకు కాస్త ముందే, 1929-30లో, ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని తూర్పు కనుమల్లో వెర్నే సర్వే అనే ఇంకో పక్షుల సర్వే జరిగింది. ఆ రెండు బృందాలూ మకాం వేసిన చోట్లలో ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లో ఉన్నవాటిని మళ్లీ సర్వే చేయించండి. పక్షుల సంగతి బాగా తెలిసిన ఊరివాళ్లను అందులోకి తీసుకోండి. మూటలు మోయడానికి కాదు, సర్వే చేయడానికే. ఆ సర్వేలో తేలిన విషయాలతో తెలుగులో ఒక ఫీల్డ్ గైడ్ వేయండి.

మామూలుగా అందరూ పుస్తకం కావాలని అడుగుతారు. నేను ముందు సర్వే, తర్వాతే పుస్తకం అంటున్నాను. ఎందుకంటే ఈ దేశంలో పక్షుల గురించి చాలా ఎక్కువ మందికి చేరిన పుస్తకం, సలీం అలీ రాసిన 'ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్', తయారైంది ఆ వరసలోనే.

సలీం అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టారు. మూడేళ్లు నిండే సరికి తల్లీ తండ్రీ ఇద్దరూ లేరు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట్లో పెరిగారు. ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టడం, దాని గొంతు మీద పసుపు మచ్చ ఉండటం, అదేమిటో తెలుసుకోవడానికి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లడం, అక్కడ కార్యదర్శి మిల్లార్డ్ అరలు తెరిచి దాచిపెట్టిన పక్షుల్ని చూపించడం... ఈ కథ పాఠ్యపుస్తకాల పుణ్యమా అని చాలామందికి తెలుసు. అందుకే దాని దగ్గర ఆగను. నాకు ఆసక్తిగా అనిపించేది ఆ తర్వాతి కాలం, ఆయన నిరుద్యోగిగా ఉన్న కాలం.

1926లో ఆయనకు బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్ ఉద్యోగం దొరికింది. రెండేళ్లకు సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లి, ఎర్విన్ స్ట్రెసెమాన్ దగ్గర పక్షిశాస్త్రం నేర్చుకున్నారు. 1930లో తిరిగొచ్చేసరికి డబ్బుల్లేవని మ్యూజియం ఆ పోస్టునే తీసేసింది. జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఖాళీ ఉన్నా, యూనివర్సిటీ డిగ్రీ లేదని ఆయన్ను తీసుకోలేదు. భార్య తెహ్మీనాతో కలిసి అలీబాగ్ దగ్గర సముద్రపు ఒడ్డునున్న కిహీం అనే ఊరికి చేరారు. ఉద్యోగం లేదు కాబట్టి బోలెడంత టైం ఉంది. ఎదురుగా చెట్టుకు గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి.

ఆ గూళ్లను మన పల్లెల్లో బావుల మీద, ఈతచెట్లకు చూడనివాళ్లు ఎవరుంటారు? అయినా అక్కడ జరిగే వ్యవహారం చాలామందికి తెలియదు. మగపిట్ట గూడును సగం వరకే కట్టి ఆపుతుంది. ఆడపిట్టలు వచ్చి గూడు చూసుకుంటాయి, నచ్చకపోతే వెళ్లిపోతాయి. ఒకటి నచ్చి చేరాక, మగపిట్ట మిగతాది పూర్తి చేసి, కిందికి గొట్టం అల్లి, తీరిగ్గా కూర్చోకుండా పక్కనే ఇంకో గూడు మొదలుపెడుతుంది, ఇంకో ఆడపిట్ట కోసం. గుడ్లు పొదిగే పని ఆడదానిదే. అన్యోన్య దాంపత్యం అని మనం అనుకునేదానికీ ఇక్కడ జరుగుతున్నదానికీ పొంతన లేదు. సలీం అలీ దీన్ని మ్యూజియం అరల్లోని తోళ్లను చూసి కనిపెట్టలేదు. చెట్టు దగ్గర రోజుల తరబడి కూర్చుని, ఏ పిట్ట ఎప్పుడు ఏం చేసిందో రాసుకుని కనిపెట్టారు. పక్షిశాస్త్రం అంటే చంపి, కొలిచి, పేరు పెట్టి, సొరుగులో పెట్టడమే అనుకునే రోజుల్లో ఇది కొత్త పని. నన్నడిగితే ఆయన చేసిన వాటన్నిటిలో గొప్ప పని ఇదే. తర్వాత అచ్చయిన పది సంపుటాల 'హ్యాండ్‌బుక్' కూడా దీని తర్వాతే.

ఆ తర్వాత ఆయన సంస్థానాలకు ఒక ప్రతిపాదన పంపారు. నాకు జీతం వద్దు, మకాం ఖర్చులు, తిరగడానికయ్యే ఖర్చులు ఇస్తే మీ రాజ్యంలో పక్షుల సర్వే చేసిపెడతాను అని. అలా చేసిన ప్రాంతీయ సర్వేల్లో మొదటిది హైదరాబాదుది. ఆ తర్వాతే తిరువాన్కూరు, కొచ్చి, మైసూరు. హైదరాబాదు సర్వే ఫలితాలు 1933-34లో సొసైటీ జర్నల్‌లో వరసగా అచ్చయ్యాయి. పంజాబులో పోలీసు అధికారిగా పనిచేసిన హ్యూ విజ్లర్ వాటికి నోట్సు రాశారు. ఆ మకాముల్లో తెహ్మీనా కూడా ఉండేవారు. ఆయన ఇంగ్లీషు వాక్యాన్ని తేలిగ్గా, చదవబుద్ధేసేలా మార్చడంలో ఆవిడ చెయ్యి ఉందని ఆయనే చెప్పుకున్నారు. 1939లో ఆవిడ చనిపోయారు. పుస్తకాన్ని చూడలేదు.

పుస్తకం 1941లో వచ్చింది. 'ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్'. అప్పటికి ఆయన పదేళ్లుగా సంస్థానాల్లోని అడవులు, చెరువులు, మెట్టలు తిరిగి ఉన్నారు. ఆ సంగతి ప్రతి పేజీలో తెలుస్తుంది. పక్షి ఎంత ఉంటుందో సెంటీమీటర్లలో చెప్పి వదిలేయరు. పిచ్చుకంత, పిగిలిపిట్ట కంటే చిన్నది, గోరింక కంటే పెద్దది, కాకంత, గద్దంత అని చెబుతారు. పొలం గట్టు మీద నిలబడినవాడి దగ్గర స్కేలు ఉండదు కదా! దేన్ని చూసి గుర్తుపట్టాలో, ఎలాంటి చోట ఉంటుందో, ఒంటరిగానా గుంపుగానా, గూడు ఏ నెలల్లో, గొంతు ఎలా ఉంటుందో, అంతా కొద్ది వాక్యాల్లో ఉంటుంది. అమెరికాలో రోజర్ టోరీ పీటర్సన్ 1934లోనే బొమ్మల మీద చిన్న గీతలు పెట్టి గుర్తుపట్టే భాగాన్ని చూపించే పద్ధతి తెచ్చారు. సలీం అలీది వేరే దారి. చదివేవాడికి ముందే తెలిసిన పక్షిని పట్టుకుని తెలియని పక్షి దగ్గరికి తీసుకెళ్లడం.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. అమెరికన్ పక్షిశాస్త్రజ్ఞుడు డిల్లాన్ రిప్లీతో కలిసి 1968 నుంచి 1974 దాకా పది సంపుటాల 'హ్యాండ్‌బుక్'. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్. వన్యప్రాణి సంరక్షణకు ఇచ్చే గెట్టీ బహుమతి డబ్బును సొసైటీకే ఇచ్చేశారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. 1987 జూన్ 20న పోయారు. ఈ జాబితాలో ఇమడని సంగతి ఒకటుంది. ఆయనకు మోటార్‌సైకిళ్ల పిచ్చి. 1950లో స్వీడన్‌లో జరిగిన పక్షిశాస్త్రజ్ఞుల మహాసభకు తన సన్‌బీమ్ బండిని కూడా తీసుకెళ్లారు, యాభై దాటిన వయసులో.

ఇక మీ సంగతికి వస్తాను.

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊరివాళ్లను అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారుచేయడం ఆ కమిటీ పని. ఎంత మంచి ఆలోచన! సలీం అలీ సొంతంగా తిరిగి చేసిన పనిని ఊరూరా, చట్టం అండతో చేయొచ్చు. కానీ ఏం జరిగింది? ఏళ్ల తరబడి చాలాచోట్ల కదలిక లేదు. 2020 జనవరి 31లోగా పూర్తి చేయాలని, లేకపోతే నెలకు 10 లక్షల రూపాయల చొప్పున కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్రాలకు గడువు పెట్టింది. దాంతో దేశమంతటా ఉరుకులు పరుగులు. అలా గడువు టెన్షన్‌లో తయారైన రిజిస్టర్ ఎలా ఉంటుందో మా వైపు ఒక పంచాయతీలో చూశాను. ఊరి పేరు రాయను, తప్పు ఆ ఒక్క ఊరిది కాదు. పక్షుల పేజీలో కాకి, పిచ్చుక, నెమలి, చిలుక, కొంగ, చివర 'మొదలైనవి'. అంతే. ఆ ఊరి చెరువులో చలికాలం దిగే బాతులన్నీ ఆ 'మొదలైనవి'లోనే మునిగిపోయాయి.

ఊరివాళ్లకు తెలియక కాదు, వాళ్లను కూర్చోబెట్టి అడిగినవాళ్లు లేక. ఇందుకు మన నేల మీదే పెద్ద సాక్ష్యం ఉంది, మీకూ తెలుసు. కలివికోడి అనే అరుదైన పిట్టను థామస్ జెర్డాన్ అనే డాక్టర్ 1848లో లోకానికి తెలియజేశాడు. 1900లో అనంతపురం దగ్గర చూసినట్టు రాశారు. ఆ తర్వాత పుస్తకాలకు సంబంధించినంత వరకు అది లేదు. పగలు ముళ్లపొదల్లో ఉండి రాత్రి తిరిగే పిట్ట కాబట్టి పగలు వెతికినవాళ్లకు దొరకలేదు. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప జిల్లాకు వచ్చి, బొమ్మలు చూపిస్తూ ఊళ్లలో అడిగారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట దాన్ని పట్టి చూపించాడు. శాస్త్రం 86 ఏళ్లుగా వెతుకుతున్న పిట్టను అతను ఎరుగును. అప్పటికి సలీం అలీకి 89 ఏళ్లు. ఆ పిట్ట కోసమే తర్వాత లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చాల్సి వచ్చింది. ఇంత కథకూ మూలం, తెలిసినవాణ్ణి వెళ్లి అడగడం.

ఆ జెర్డాన్ నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నప్పుడు యానాదుల దగ్గర ఎన్నో విషయాలు నేర్చుకున్నాడు. 1862-64లో అచ్చయిన తన పక్షుల గ్రంథంలో చాలా పక్షులకు తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. అవి చెప్పినవాళ్ల పేర్లు మాత్రం ఆ పుస్తకంలో వెతికినా దొరకవు. మీరు వేసే పుస్తకంలో అలా జరగకూడదు.

"ఉన్న ఇంగ్లీషు పుస్తకాన్ని అనువాదం చేయిస్తే సరిపోదా?" అని మీ ఫైలు మీద ఎవరో ఒకరు రాస్తారు. సరిపోదు. శ్రీకాకుళం జిల్లానే చూడండి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి ఓపెన్‌బిల్ కొంగలు తొలకరి వేళకు వచ్చి చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి. అదే జిల్లాలో తేలినీలాపురానికి గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు వానాకాలం చివర్లో వచ్చి వేసవి దాకా ఉంటాయి. కిందికి నెల్లూరు వైపు నేలపట్టు వెళ్తే గూడబాతుల గూళ్లు ఈశాన్య రుతుపవనాల వానలతో, అక్టోబర్ నుంచి మొదలవుతాయి. దేశమంతటికీ కలిపి రాసిన పుస్తకంలో ఒక పక్షికి గూడు కాలం ఒక వాక్యంలో తేల్చేస్తారు, వాళ్లకు అంతకంటే చోటు ఉండదు. మన పిల్లవాడికి కావలసింది తన చెరువు లెక్క. ఆ లెక్క అనువాదంలో రాదు, చెరువు దగ్గర కూర్చుంటే వస్తుంది.

పోస్టర్లు, కరపత్రాలు, చిన్న పుస్తకాలు అప్పుడప్పుడు వస్తున్నాయి, కాదనను. డెక్కన్ బర్డర్స్ లాంటి బృందాలు 1980 నుంచి పని చేస్తున్నాయి. కానీ ప్రభుత్వం బాధ్యతగా తీసుకుని, ప్రతి హైస్కూలుకూ ప్రతి పంచాయతీకీ చేర్చిన పుస్తకం వేరు. కేరళలో కె.కె. నీలకంఠన్ అనే ఇంగ్లీషు ప్రొఫెసర్ ఇందుచూడన్ అనే కలం పేరుతో 1958లోనే మలయాళంలో పక్షుల పుస్తకం రాశారు. దాన్ని వేసింది సాహిత్య అకాడమీ! మహారాష్ట్రలో అటవీ అధికారి మారుతి చితంపల్లి మరాఠీలో పక్షికోశం తయారుచేశారు. ఒకరు కాలేజీ మాస్టారు, ఇంకొకరు ఫారెస్టు ఆఫీసరు. మన దగ్గర అలాంటివాళ్లు లేరా? ఉన్నారు. కలివికోడి ఉండే పొదల్లో, కొల్లేరులో, పులికాట్‌లో, నల్లమలలో సర్వీసంతా గడిపిన ఫారెస్టు గార్డులు, బీట్ ఆఫీసర్లు రిటైరై ఇళ్లలో కూర్చున్నారు. వాళ్ల డైరీలు ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి.

పాత సర్వేకు మళ్లీ వెళ్లడం వల్ల వచ్చే లాభం ఇంకోటి ఉంది. 1931లో ఒక చోట ఏమేం ఉన్నాయో రాసిపెట్టి ఉంది. ఇప్పుడు అదే చోట, అదే నెలలో చూస్తే ఏవి పోయాయో, ఏవి కొత్తగా వచ్చాయో తెలుస్తుంది. అప్పట్లో సర్వే అంటే తుపాకీ, నమూనా కోసం కాల్చేవారు. ఇప్పుడు బైనాక్యులర్, కెమెరా, శబ్దం రికార్డు చేసే ఫోను చాలు. 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక 942 జాతుల్ని పరిశీలించింది. తగ్గుతున్నవాటిలో మన పాలపిట్ట ఉంది. తెలంగాణ రాష్ట్ర పక్షి! దసరా నాడు దాన్ని చూస్తే మంచిదని, పట్టి పంజరంలో పెట్టి డబ్బులకు చూపించేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించుకుంది. సంతల్లో, బజార్లలో పంజరంలో అమ్ముడుపోయేదీ అదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రెండూ నేరాలే. రాష్ట్ర పక్షి హోదా ఇచ్చిన జీవోతో పాటు, ఆ పక్షులు ఏ మండలంలో ఎన్ని ఉన్నాయో చెప్పే లెక్క కూడా ఉంటే బాగుండేది.

బట్టమేక పక్షి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) సంగతి మరీ ఘోరం. దాన్ని జాతీయ పక్షిని చేయమని సలీం అలీ గట్టిగా వాదించారు. 1963లో నెమలి గెలిచింది. కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో, ఆ పక్షి కోసమే రోళ్లపాడు అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు అక్కడ అది కనిపించడం గగనమైపోయింది. మెట్ట పొలాలు, గడ్డి బీళ్లు 'బంజరు' అని కాగితాల మీద ఉన్నంత కాలం అక్కడ బతికే పక్షుల గురించి ఎవరూ అడగరు. సర్వేలో అడవులూ చెరువులతో పాటు ఈ గడ్డి బీళ్లకు కూడా సగం బలగం పెట్టండి. పక్షులంటే నీళ్లూ చెట్లూ అనుకునే అలవాటు మన శాఖలకు ఎక్కువ.

డబ్బు ఎక్కడిది అంటారు. చట్టంలోనే స్థానిక జీవవైవిధ్య నిధి అని ఉంది. 2012 అక్టోబర్‌లో ప్రపంచ దేశాలన్నీ జీవవైవిధ్య సదస్సుకు హైదరాబాదు వచ్చినప్పుడు మన ప్రభుత్వాలు ఎంత ఆర్భాటంగా ఖర్చు పెట్టాయో చూశాం. దానిలో పిసరంత చాలు. సలీం అలీ అడిగినట్టు మకాం ఖర్చులు ఇస్తే చాలు, జీతం వద్దనే మాస్టార్లు, డిగ్రీ పిల్లలు ప్రతి జిల్లాలో దొరుకుతారు. ఊరి సర్వేయర్లకు మాత్రం రోజుకూలీ తప్పకుండా ఇవ్వండి. వాళ్లకు పని మానుకుంటే పూట గడవదు.

పుస్తకం ఎలా ఉండాలో కూడా ఒక మాట. జేబులో పట్టాలి, వానకు తడిసినా తట్టుకోవాలి. ఒక పక్షికి జిల్లాకో పేరు ఉంటుంది. ఎట్రింతనే పసులపోలిగాడు అనేవాళ్లున్నారు. ఏ పేరుతో వెతికినా ఆ పేజీ దొరికేలా వెనక అకారాది పట్టిక పెట్టండి. ఇది అసలు పేరు, మిగతావి యాసలు అని తీర్పులు వద్దు. బొమ్మలు ఫొటోలు కాకుండా గీసినవైతే మేలు. ఫొటోలో ఆ ఒక్క పక్షి ఆ ఒక్క వెలుతురులో ఉంటుంది. గీసేవాళ్లు మగదాన్ని, ఆడదాన్ని, పిల్లను పక్కపక్కన పెట్టి తేడా చూపించగలరు. గీయగల పిల్లలు మన ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో ఉన్నారు, వాళ్లకూ పని దొరుకుతుంది.

చివరగా, ఇవాళే చేయగలిగిన పని ఒకటి. ఇప్పటికే తయారైన రిజిస్టర్లలోని పక్షుల పేజీలను అందరికీ అందుబాటులో పెట్టండి. మందు మొక్కల సంగతులు గోప్యంగా ఉంచాలంటే అర్థం చేసుకోగలను, వాటితో వ్యాపారం చేసేవాళ్లున్నారు. కలివికోడి లాంటి పక్షులు ఎక్కడున్నాయో కూడా బయటపెట్టకండి. కానీ ఊరి చెరువు మీద వాలే బాతుల పేర్లలో దాచేదేముంది? ఆ పేజీలు మా స్కూలుకు పంపితే 'మొదలైనవి' అని ఉన్న చోట ఏమేం రాయాలో మా తొమ్మిదో తరగతి పిల్లలు వాళ్ల తాతలను అడిగి రాసి, ఈ చలికాలం పోయేలోపు మీకు తిరిగి పంపుతారు.

ఇట్లు,
ఒక జీవశాస్త్రం టీచర్